బడిలో ఇంటిపని

శతవార్షికోత్సవ సంచిక అనగానే గుడికి పునాదిరాయి వేసిన సంవత్సరం, అధ్యక్షులుగా పనిచేసిన వారి వరుస, ఆసుపత్రులు, ఉన్నత పాఠశాలలు, వాటిలో చదివి పైకి వచ్చిన వారి పేర్లు గుర్తుకు వస్తాయి. అవన్నీ ఉండవలసినవే. వాటిని గూర్చి వ్రాయగలవారు ఈ సంచికలో వ్రాస్తున్నారు. మేము ఎన్నుకున్న విషయం మాత్రం కొంచెం పెరటివైపు ఉంటుంది. మన బోర్డింగు పాఠశాలల్లో తరగతి గదుల వెనుక ఒక వంటపాక, ఒక నుయ్యి, నాలుగు కూరగాయల మడులు ఉండేవి. వాటి ఫోటోలు ఎవరూ తీయలేదు. అయినా అక్కడ జరిగిన చదువు కూడా చదువే. ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంటి పనులు, బ్రతుకు పనులు ఎలా నేర్పారు, ఎవరికి నేర్పారు, ఎవరిని వదిలేశారు, చివరకు ఆ చదువు ఏమైంది అన్నదే ఈ వ్యాసం.

తెలుగు దేశంలో మిషను బడుల తొలి రోజుల్లో ఇంటిపని ఒక పాఠ్యాంశం కాదు, ఒక అవసరం. మచిలీపట్నంలో 1843లో నోబుల్ దొర మగపిల్లల ఇంగ్లీషు బడి తెరిచారు. అదే పట్నంలో షార్కీ దంపతులు ఆడపిల్లలకు వసతితో కూడిన బడి నడిపారు. పల్లె నుండి వచ్చిన పిల్ల బడిలోనే ఉండాలి, తినాలి, పడుకోవాలి. వంటమనిషికి జీతం ఇచ్చే స్తోమత చాలాచోట్ల లేదు. కనుక పిల్లలే వండారు, పిల్లలే ఊడ్చారు, పిల్లలే తమ బట్టలు కుట్టుకున్నారు. దీనికి ఒక సిద్ధాంతం తరువాత తయారయింది కాని మొదట ఉన్నది డబ్బు లేకపోవడమే. మరో కారణాన్ని కూడా దాచనక్కరలేదు. ఆడపిల్లలకు కుట్టు, వంట, శుభ్రత నేర్పడం వెనుక, ఉపదేశకులకు, ఉపాధ్యాయులకు తగిన ఇల్లాళ్లను తయారు చేయాలన్న ఆలోచన బలంగా ఉండేది. ఆ పిల్ల తనకోసం ఏమి కావాలనుకుంటుందో అడిగినవారు తక్కువ.

ఆ కాలంలో మిషను వెలుపల కూడా గాలి అటే వీస్తోంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపారు. 1928లో డాక్టర్ కె. ఎన్. కేసరిగారు మద్రాసు నుండి గృహలక్ష్మి పత్రిక ప్రారంభించారు. ఇటువంటి పత్రికల ద్వారా ఇంటి శుభ్రత, శిశుపోషణ వంటి విషయాలు చదువుకున్న ఆడవారి ఇళ్లలోకి వెళ్లాయి. మన బోర్డింగులకూ వీటికీ ఒక తేడా ఉంది. పత్రిక చదివేది అక్షరం వచ్చిన ఇంటి ఇల్లాలు. బోర్డింగుకు వచ్చేది అక్షరం రాని కూలి ఇంటి పిల్ల. ఇద్దరికీ శుభ్రత పాఠం ఒకటే అయినా, ఒకరి ఇంట్లో నుయ్యి ఉంది, మరొకరిని ఊరి నూతి దగ్గరకు రానివ్వరు. నీళ్లు లేనిచోట శుభ్రత గురించి చెప్పడం ఎంత సులువో, పాటించడం ఎంత కష్టమో మన పాత ఉపాధ్యాయినులకు బాగా తెలుసు.

చేతిపని నేర్పడం వల్ల వచ్చిన మేలు, కీడు రెండూ ఒకేచోట చూడాలంటే నరసాపురం లేసును చూడాలి. 19వ శతాబ్ది మధ్యకాలంలో గోదావరి డెల్టాలో మిషనరీ కుటుంబాల స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని, అది ధవళేశ్వరం వైపు మొదలై నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు పాకిందని ప్రతీతి. ఒక చిన్న సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు. ఇంట్లో కూర్చుని, పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని కూడా అల్లవచ్చు. కరువు రోజుల్లో అది ఎన్నో పొయ్యిలు వెలిగించింది. తరువాత వర్తకులు వచ్చారు. సముద్రాల అవతల గిరాకీ పెరిగింది. ఇల్లు దాటి బయటకు రాని ఇతర కులాల గృహిణులు కూడా వేల సంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు. కాని దారం ఎవరిది, అల్లిన సరుకు ఎంతకు అమ్ముడవుతోంది, ఆ ధరలో తన వంతు ఎంత అన్నది అల్లే మనిషికి తెలియదు. జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు పనివారిపై పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లినా పొలం కూలి కంటే తక్కువే చేతికి వస్తోందని, అయినా దానిని పని అనకుండా ఇల్లాలి తీరిక వేళ కాలక్షేపం అంటున్నారని ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని సూది పట్టడం నేర్పినవారు బేరం ఆడటం నేర్పలేదు, లెక్క వ్రాయడం నేర్పలేదు. మా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ ఇది తాళంచెవి వంటిది. పని నేర్పారా లేదా అన్నది సగం ప్రశ్నే. ఎవరికి నేర్పారు, దాని లెక్కతో సహా నేర్పారా అన్నది మిగతా సగం.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. డోర్నకల్‌లో ఉపదేశకుల శిక్షణకు పెండ్లయిన వారు భార్యాబిడ్డలతో సహా వచ్చేవారు. భర్తతోపాటు భార్యకు కూడా చదువు, ఇంటి ఆరోగ్యం, బిడ్డల పెంపకం నేర్పాలన్నది అక్కడి పద్ధతి. చదువు వచ్చిన మగవాడు ఇంటికి వెళ్లి చదువు రాని ఇల్లాలితో రెండు లోకాలుగా బ్రతకకూడదన్నది దాని ఉద్దేశం. ఇది జరిగిన కొద్ది ఏళ్లకు, 1919-20లో ఫ్రేజర్ దొర అధ్యక్షతన గ్రామ విద్యపై ఒక మిషను సంఘం దేశమంతా తిరిగింది. మనవాడైన కె. టి. పాల్‌గారు అందులో సభ్యులు. పల్లె పిల్లవాడి చదువు వాడి పొలానికి, ఇంటికి, చేతికి దగ్గరగా ఉండాలని ఆ సంఘం గట్టిగా చెప్పింది.

మాట మంచిదే. కాని తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అంటే, చాలామంది ఒప్పుకోలేదు. బోర్డింగుకు పిల్లలను పంపినవారిలో ఎక్కువమంది మాలపల్లెల, మాదిగపల్లెల కూలివారు. తెల్లవారు జాము నుండి దీపాలవేళ దాకా ఆసాముల పొలాల్లో నడుము వంచినవారు. "గడ్డపార తప్పించుకుంటాడని బడికి పంపితే అక్కడా గడ్డపారేనా?" అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేసిన నివేదికలు లేకపోలేదు. మేము మాత్రం అందులో గొప్ప వివేకం ఉందంటాము. చేతిపనిలోని గౌరవం గురించి ఉపన్యసించేవారు తమ పిల్లలను మాత్రం న్యాయవాదులను, డాక్టర్లను చేస్తున్నారని ఆ తండ్రులు చూస్తూనే ఉన్నారు.

ఇక బోర్డింగు లోపలి సంగతికి వద్దాము. ఇది ఏ ఒక్క బడి కథా కాదు. కృష్ణా నుండి మెదకు దాకా 1950ల్లో, 60ల్లో బోర్డింగుల్లో పెరిగిన మాబోటివారు కలిసినప్పుడల్లా ఇవే మాటలు వస్తాయి. తెల్లవారుజామున గంట. ఆ తరువాత గోడకు వ్రేలాడదీసిన వంతుల పట్టిక. నీళ్ల వంతు, వంట వంతు, ఊడ్చే వంతు, లాంతర్ల వంతు, తోట వంతు. వారం తిరిగేసరికి వంతు మారుతుంది. నీళ్ల వంతు వచ్చినవాడికి చేంతాడు రాపిడికి అరచేతులు ఎర్రబడతాయి. లాంతర్ల వంతువాడు చిమ్నీలో బూడిద వేసి గుడ్డతో తిప్పి తుడవాలి, పగిలితే ఆ రాత్రి ఆ గది చీకటే. శనివారం బియ్యం ఏరడం. చేటలు పట్టుకుని అరుగు మీద వరుసగా కూర్చుని రాళ్లు, మట్టిబెడ్డలు, వడ్లగింజలు తీసేవాళ్లం. ఒక రాయి వదిలితే పదిమంది పళ్లకింద పడుతుంది కనుక ఎవరి చేట ఎవరిదో మేట్రనమ్మ గుర్తుపెట్టుకునేది. అమెరికా నుండి వచ్చిన గోధుమరవ్వ, పాలపొడి రోజులు కూడా అవే. పాలపొడి ఉండలు కట్టకుండా కలపడం చేతనైనవాడికి మంచి పేరు.

మగపిల్లల బోర్డింగుల్లో ఈ పనులన్నీ మగపిల్లలే చేసేవారని ప్రత్యేకంగా చెప్పాలి. వేరే దిక్కు లేదు. గంజి వార్చడం, పులుసు కాచడం, చొక్కాకు గుండీ కుట్టుకోవడం, లాగుకు మాసిక వేసుకోవడం వచ్చిన మగవాళ్లు ఆ బోర్డింగుల నుండి వందల సంఖ్యలో వచ్చారు. ఇంటికి సెలవులకు వెళ్లి చీపురు పట్టుకుంటే నానమ్మలు నవ్వేవారు, తల్లులు లాక్కునేవారు. మరొక సంగతి. వంతుల పట్టికకు కులం లేదు. నూతిలో బొక్కెన వేసేవాడు ఎవరి బిడ్డ అని అడిగే వీలు ఆ పట్టికలో లేదు. ఊళ్లో ఊడ్చే పని ఒక కులానికి, వండే పని మరొక కులానికి అని గీత గీసి ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

సామాను గదిలో లెక్క పుస్తకం ఉండేది. పై తరగతి పిల్లలు ఇద్దరు వంతులవారీగా బియ్యం, పప్పు, నూనె, కట్టెలు ఎంత వచ్చాయి, ఎంత ఖర్చయ్యాయి వ్రాసేవారు. సోలలు, గిద్దెలు పోయి కిలోలు, గ్రాములు వచ్చినప్పుడు కొన్నాళ్లు రెండు లెక్కలూ పక్కపక్కనే వ్రాశారు. నెలాఖరుకు ఒక్కొక్క పిల్లవాడి భోజనానికి రోజుకు ఎంత పడిందో తేలేది. లేసు అల్లే తల్లులకు దొరకని చదువు ఆ గదిలో వారి పిల్లలకు దొరికింది.

వంటపాకలో నేర్చుకున్నది ఒట్టి అలవాటు కాదు, అందులో శాస్త్రం కూడా ఉందని చెప్పడానికి మన ప్రాంతపు ఉదాహరణే ఒకటి ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి పాతుకుని ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతిని మనుషులు పోయేవారు. 1918లో మెక్‌కారిసన్ దొర కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం ఒక గదిలో మొదలుపెట్టిన సంస్థే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఈనాడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దానినే. వ్యాధికి మూలం మరలో బాగా పాలిషు పట్టిన పచ్చిబియ్యం. పై పొరతోపాటు బి-1 విటమిను పోతుంది. మిగిలిన కాస్తా బియ్యాన్ని నాలుగైదుసార్లు కడగడంతో కొంత, గంజి వార్చి పారబోయడంతో కొంత పోతుంది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ బాధ అంతగా లేదు. కనుక "దంపుడు బియ్యం తినండి, తక్కువసార్లు కడగండి, గంజి పారబోయకండి" అన్న మూడు ముక్కలు ఈ జిల్లాల్లో ప్రాణం నిలిపే మాటలు. తెల్లన్నమే మర్యాద అనుకునే ఇంటికి ఆ మాట మోసుకువెళ్లవలసింది బడిపిల్లలే.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన విద్యా సదస్సు జరిగింది. ఆ వెంటనే జాకిర్ హుస్సేన్‌గారి సంఘం మూల విద్యా ప్రణాళికను తయారు చేసింది. ఆ సంఘం సంచాలకులైన ఆర్యనాయకంగారు సింహళం నుండి వచ్చిన క్రైస్తవులు, సభ్యులలో ఒకరైన జె. సి. కుమారప్పగారు తంజావూరు క్రైస్తవులు అన్నది మనవారిలో చాలామందికి తెలియదు. ఆ ప్రణాళికలో రోజుకు 5 గంటల 30 నిమిషాల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతివృత్తికే కేటాయించారు. వడకడం, నేయడం, తోటపని ఏదైనా సరే, దాని చుట్టూనే లెక్కలు, భాష, శాస్త్రం అల్లాలి. ఊహ గొప్పది. అమలు చేసే గురువులు ఎక్కడున్నారు? తకిలీ తిప్పడంతోనే గంటలు గడిచిపోయిన బడులు ఎన్నో. నూలుకూ లెక్కలకూ ముడి వేయగలిగిన పంతులు ఊరికొక్కడు కూడా దొరకలేదు.

ఆ తరువాత 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీగారి పథకం వచ్చింది. గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు రోజుకు మూడు గంటలు చదువు, మిగతా సమయం తండ్రి వృత్తి నేర్చుకోవడం. పైకి చూస్తే ఇది కూడా పని నేర్పే చదువే. కాని మంగలి కొడుకు మంగలి పనే, చాకలి కొడుకు చాకలి పనే నేర్చుకోవాలన్నట్టు ఉండటంతో, కుల విద్య అన్న పేరు దానికి అంటుకుంది. తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రి అయ్యాక అక్కడ కూడా ఆ పథకాన్ని ఎత్తివేశారు. మన బోర్డింగు తండ్రులు ముప్పై ఏళ్ల ముందు అడిగిన ప్రశ్నే ఇక్కడ రాష్ట్రమంతా అడిగింది. వంతుల పట్టికకూ ఈ పథకానికీ తేడా అదే. పట్టికలో పని అందరికీ తిరుగుతుంది. పథకంలో పని పుట్టుకకు అతుక్కుని ఉంటుంది.

ఉన్నత పాఠశాలల సంగతి మరోవిధంగా నడిచింది. 1952-53 నాటి మొదలియారు కమిషను ఉన్నత పాఠశాలల్లో ఏడు విభాగాలు సూచించింది, అందులో గృహవిజ్ఞానం ఒకటి. ప్రతి విద్యార్థి ఒక చేతిపని నేర్చుకోవాలన్నది. మల్టీపర్పస్ హైస్కూళ్లు వచ్చాయి. కొన్నిచోట్ల ఆడపిల్లలకు చక్కటి వంటగదులు, కుట్టు మిషనులు ఏర్పడ్డాయి. కాని గృహవిజ్ఞానం అంటే ఆడపిల్లల చదువు, తక్కువ మార్కులవారి చదువు అన్న ముద్ర పడింది. మగపిల్లలు వడ్రంగం గదికి, ఆడపిల్లలు వంటగదికి వెళ్లారు. మగపిల్లల బోర్డింగులో గంజి వార్చిన పిల్లవాడే పగలు బడిలో "అది ఆడవాళ్ల పాఠం" అన్నది నేర్చుకున్నాడు! ఈ ధోరణి సరికాదని 1960ల మొదట్లోనే హంసా మెహతాగారి సంఘం చెప్పింది. ఆడ, మగ పిల్లలకు పాఠ్యప్రణాళికలో భేదం చూపరాదని, గృహవిజ్ఞానం ఆడపిల్లలకే అనుకోరాదని దాని సారాంశం. 1964-66 నాటి కొఠారి కమిషను దానిని బలపరచి, గృహవిజ్ఞానాన్ని ఆడపిల్లలకు నిర్బంధం చేయవద్దన్నది. అందరికీ పని అనుభవం ఉండాలన్నది. కాగితం మీద ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

1969లో మన రాష్ట్రంలో రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చాక పాత మల్టీపర్పస్ ఏర్పాటు మెల్లగా తెరమరుగైంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సామాజికోపయోగ ఉత్పాదక కృత్యం అన్న పొడుగాటి పేరు తెచ్చింది. పిల్లలకు నోరు తిరగక ఎస్.యు.పి.డబ్ల్యు. అన్నారు. టైంటేబులులో దానికి గంటలు ఉండేవి. పరీక్షల నెల రాగానే ఆ గంటలు లెక్కల మాస్టారికి పోయేవి. కుట్టు పుస్తకాల సంగతి చెప్పనే అక్కరలేదు. హెమ్మింగు, కాజా, మాసిక నమూనాలు కుట్టి అంటించి చూపాలి. ఆ నమూనాలు అక్కలు కుట్టినవో, బజారులో కొన్నవో అయినా మార్కులు పడేవి. చిరిగిన చొక్కా మాత్రం అలాగే ఉండేది.

ఇటు బోర్డింగులు కూడా మారాయి. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల వచ్చింది, తరువాత అనేకం వచ్చాయి. పల్లె పిల్లలు వేల సంఖ్యలో వాటిలో చదివి మంచి స్థితికి వచ్చారు. వంటవారు, ఊడ్చేవారు ఉద్యోగులుగా వచ్చారు. అది న్యాయమే. పిల్లలచేత చాకిరీ చేయించే వసతిగృహాలను ఎవరూ సమర్థించరు. చదువుకోవలసిన గంటలు వంటపాకకు పోయిన పాత బోర్డింగులు కూడా ఉన్నాయి. వాటిని పొగడటానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. కాని చాకిరీని తీసివేసినప్పుడు దానితోపాటు నేర్పు కూడా పోయింది. పదో తరగతిలో గొప్ప మార్కులు వచ్చిన పిల్లవాడికి అన్నం వండటం రాదు, గ్యాసు వాసన వస్తే ముందు ఏమి చేయాలో తెలియదు, బ్యాంకు కాగితంలో వడ్డీ ఎలా వేశారో చదవలేడు. ఆడపిల్లకు మాత్రం బడిలో ఎవరూ నేర్పకపోయినా ఇంట్లో తప్పదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. అసలు ఆ పని ముట్టుకునే పురుషులే నూటికి 26 మంది. నూరేళ్ల కమిషనుల తరువాత లెక్క అది.

2020 జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకునే అవకాశం ఉండాలన్నది. పది రోజులు చాలవు, కాని పది రోజుల్లో కూడా కొన్ని నేర్పవచ్చు. ఒక లీటరు మంచినీటిలో ఆరు చెంచాలు తలగొట్టిన పంచదార, అర చెంచా ఉప్పు కలిపి విరేచనాలతో నీరసించిన బిడ్డకు పట్టడం నేర్పడానికి పావుగంట చాలు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహాలనబీస్‌గారు ఇటువంటి ఉప్పు, చక్కెర నీటితోనే ఎంతో మంది ప్రాణాలు నిలిపారు. నెల జీతంతో ఇల్లు ఎలా నడుస్తుందో, అప్పు పత్రంలో ఏమి వ్రాసి ఉంటుందో, మందుసీసా మీద తేదీ ఎక్కడ చూడాలో చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. కావలసింది మగపిల్లలను కూడా అదే బెంచీలో కూర్చోబెట్టే ఉపాధ్యాయుడు.

చివరగా ఒక మనవి. మన అధ్యక్ష మండలంలోని పాత బోర్డింగుల సామాను గదుల్లో, బీరువాల అడుగున, ఆనాటి వంతుల పట్టికలు, దినసరి లెక్క పుస్తకాలు ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు. చెదలు తినక మునుపే వాటిని తీసి ఎండబెట్టి మండల కార్యాలయానికి చేర్చవలసిందిగా బడుల నిర్వాహకులను, పాత విద్యార్థులను కోరుతున్నాము. పద్దుల పక్కన సంతకాలు పిల్లలవే. బియ్యం ఎన్ని శేర్లు, కట్టెలు ఎన్ని మోపులు, ఆ రోజు వంట ఎవరిదో అందులో ఉంటుంది.